నమీబియాలో వేట: విదేశీ దంపతులు కట్టే రుసుము చేరేది రైతు జేబుకా, ఊరి ఖాతాకా?

నమీబియాలో వేట సఫారీలు నడిపే సంస్థలు విదేశీ అతిథులకు పంపే ధరల పట్టిక చూడటానికి మామూలుగానే ఉంటుంది. ఒకవైపు జంతువు పేరు, ఎదురుగా దాని వెల. స్ప్రింగ్‌బాక్, ఓరిక్స్, జీబ్రా, కూడూ, ఈలాండ్, చిరుత... కిందికి పోయేకొద్దీ అంకెలు పెరుగుతాయి. కొన్ని పేర్ల ఎదుట అంకె కనిపించదు, 'అడిగి తెలుసుకోగలరు' అని మాత్రమే ఉంటుంది. అలాంటి వాటిలో ముందుండేది ఏనుగు.

అమెరికా నుంచి, జర్మనీ, ఆస్ట్రియా, స్పెయిన్ వంటి ఐరోపా దేశాల నుంచి ఏటా వేలమంది ఈ పట్టిక చేతపట్టుకుని ఆఫ్రికా ఖండపు దక్షిణ కొసకు వెళ్తుంటారు. దంపతులుగా వచ్చేవారి కోసం సఫారీ సంస్థలు ప్రత్యేక ప్యాకేజీలు కూడా అమ్ముతాయి. ప్రయాణానికి ముందు వారు వేసే ప్రశ్నలు సాధారణంగా తుపాకీ అనుమతి గురించి, వాతావరణం గురించి, కొమ్ముల పొడవు గురించి. ఆ జంతువు తిరిగే నేల ఎవరిదన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. వారు చెల్లించే డబ్బు ఎవరికి చేరుతుందో, ఆ వేట వల్ల అడవికి మేలు జరుగుతుందో కీడు జరుగుతుందో చాలావరకు నిర్ణయించేది ఆ ప్రశ్నకు దొరికే సమాధానమే.

ఒకరు వేటగాడు, మరొకరు 'అబ్జర్వర్'

వేట సఫారీ ఖర్చులో రెండు ప్రధాన భాగాలుంటాయి. మొదటిది రోజువారీ రుసుము. బస, భోజనం, జీపు, గైడు, జాడ పట్టేవారి కూలి ఇందులోకే వస్తాయి. రెండోది ట్రోఫీ ఫీజు. ఏ జంతువును కాలిస్తే దాని వెల విడిగా చెల్లించాలి. మైదానాల్లో తిరిగే జింక జాతుల వేట కొన్ని వేల డాలర్లతో ముగుస్తుంది. ఏనుగు, సింహం, చిరుతల దగ్గరకు వచ్చేసరికి లెక్క పదుల వేల డాలర్లకు చేరుతుంది.

భార్యాభర్తల్లో ఒకరే తుపాకీ పట్టేట్లయితే, రెండోవారు 'అబ్జర్వర్' అనే పద్దు కిందికి వస్తారు. అంటే వెంట ఉండి చూసేవారు. వారి రోజువారీ రుసుము వేటాడేవారికన్నా తక్కువ. ఇద్దరూ వేటాడదలిస్తే ఒకే గైడును పంచుకోవచ్చు, లేదా ఎవరి గైడును వారు పెట్టుకోవచ్చు. పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది. కానీ ఒకరు కాలుస్తున్నప్పుడు మరొకరు ఊరకే నిలబడాలి.

ఒప్పందంలో ఒక షరతును మాత్రం జాగ్రత్తగా చదవాలి. గాయపడిన జంతువు పొదల్లోకి పారిపోయి దొరక్కపోయినా ట్రోఫీ ఫీజు చెల్లించాల్సిందే. నెత్తుటి చుక్క నేలమీద పడిందంటే బేరం పూర్తయినట్లే లెక్క. అందుకే శిబిరానికి చేరగానే గైడు చేయించే మొదటి పని, అతిథి చేత అట్టపై గురి చూసి కాల్పించడం. గుండు ఎక్కడ తగులుతోందో చూసుకోకుండా అడవిలోకి అడుగు పెట్టనివ్వరు. ఈ నియమం జంతువు బాధను ఎంత తగ్గిస్తుందో, అతిథి పర్సును కూడా అంతే కాపాడుతుంది.

నమీబియాలో వేట కాలం ఫిబ్రవరి 1న మొదలై నవంబరు 30తో ముగుస్తుంది. గడ్డి ఎండిపోయి, జంతువులు నీటి మడుగుల చుట్టూ చేరే జూన్ నుంచి అక్టోబరు వరకు గిరాకీ ఎక్కువ. వేటకు వాడే రైఫిల్‌కు దేశంలోకి అడుగుపెట్టే చోటే తాత్కాలిక అనుమతి ఇస్తారు. పిస్తోళ్లను, ఆటోమేటిక్ తుపాకులను అనుమతించరు. గుండు ఎంత శక్తితో దూసుకుపోవాలో కూడా చట్టమే చెబుతుంది: స్ప్రింగ్‌బాక్ వంటి చిన్న జింకలకు కనీసం 1,350 జౌళ్లు, కూడూ, ఓరిక్స్ వంటి వాటికి 2,700, ఏనుగు, అడవి దున్నలకు 5,400. ప్రభుత్వం వద్ద పరీక్ష రాసి నమోదైన గైడు లేకుండా విదేశీయుడు ట్రోఫీ వేటకు వెళ్లకూడదు. ప్రమాదకర జంతువులకైతే అందుకోసం ప్రత్యేక అర్హత ఉన్న ప్రొఫెషనల్ హంటర్ పక్కన ఉండాలి.

ఇక్కడి వరకు అంతా కాగితాల పని.

కంచెకు ఇటువైపు ఒక లెక్క, అటువైపు మరో లెక్క

నమీబియా 1884 నుంచి మొదటి ప్రపంచ యుద్ధకాలం వరకు జర్మనీ వలస. ఆ తర్వాత 1990లో స్వాతంత్ర్యం వచ్చేదాకా దక్షిణాఫ్రికా ఏలుబడిలో ఉంది. పశువులకు సోకే జబ్బులు దక్షిణానికి పాకకుండా వేసిన ఒక కంచె నేటికీ దేశాన్ని తూర్పు నుంచి పడమరకు చీలుస్తుంది. దాన్ని 'రెడ్ లైన్' అంటారు. 1890లలో జర్మన్ పాలకులు గీసిన గీతకు అది వారసత్వం. దానికి దక్షిణాన ఉన్నవి ఎక్కువగా ప్రైవేటు పట్టా భూములు. ఉత్తరాన ఉన్నవి ఎక్కువగా ఉమ్మడి భూములు, అంటే ప్రభుత్వం పేర ఉండి, తరతరాలుగా గ్రామీణులు సాగు చేసుకుంటూ పశువులు మేపుకునే నేలలు.

పట్టా భూముల రైతులకు తమ కంచెలోపలి వన్యప్రాణులపై హక్కులు 1960, 70 దశకాల్లోనే దక్కాయి. అంతవరకు గొర్రెల గడ్డి తినిపోయే బెడదగా కనిపించిన కూడూ, ఓరిక్స్ ఒక్కసారిగా ఆస్తిగా మారాయి. చాలామంది రైతులు పశువులను తగ్గించుకుని జింకలను పెంచడం మొదలుపెట్టారు. ఈ భూములపై జంతువుల సంఖ్య పెరిగిన మాట నిజం. ఆ పెరుగుదల వల్ల లాభపడినవారు ఎవరన్నదీ దాచిపెట్టే విషయం కాదు. 2018లో వెలువడిన ప్రభుత్వ భూ గణాంకాల ప్రకారం కూడా పట్టా వ్యవసాయ భూముల్లో దాదాపు 70 శాతం, వలస పాలనలో లబ్ధి పొందిన వర్గాల చేతుల్లోనే ఉంది. అందులో అత్యధికులు శ్వేతజాతి రైతులు.

కంచెకు అవతల కథ వేరు. స్వాతంత్ర్యానికి ముందు ఉమ్మడి భూముల్లోని నల్లజాతి రైతుకు వన్యప్రాణిపై ఏ హక్కూ లేదు. ఏనుగు చేను తొక్కినా, సింహం ఆవును చంపినా భరించాలి. ఆకలేసి జింకను చంపితే మాత్రం దొంగ వేటగాడు. 1980ల ప్రారంభంలో కరవు, దొంగ వేట కలిసి వాయవ్య ప్రాంతంలో ఖడ్గమృగాలను, ఏనుగులను తుడిచిపెట్టే దశకు తెచ్చాయి. అప్పుడు గార్త్ ఓవెన్-స్మిత్, ఆయన జీవిత భాగస్వామి మార్గరెట్ జేకబ్సన్ పాటించిన విధానం సంరక్షణ రంగంలో పెద్ద మలుపు. బయటి నుంచి సాయుధ కాపలాదారులను దింపడానికి బదులు, గ్రామ పెద్దలే తమ మనుషుల్ని కాపలాకు ఎంచుకునేలా చేశారు. ఈ కృషికి వారిద్దరికీ 1993లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం లభించింది.

ఆ అనుభవమే 1996లో చట్టంగా మారింది. ఉమ్మడి భూముల్లోని గ్రామీణులు సరిహద్దులు గీసుకుని, సభ్యుల జాబితా రాసుకుని, కమిటీని ఎన్నుకుని 'కన్జర్వెన్సీ'గా నమోదైతే, ఆ నేలపై పర్యాటకం ద్వారా, వేట ద్వారా వచ్చే ఆదాయంపై హక్కు వారిదే. ప్రస్తుతం అలాంటివి 86 ఉన్నాయి. దేశ భూభాగంలో అయిదో వంతు వాటి కిందే ఉంది. రెండు లక్షలకు పైగా ప్రజలు వాటి పరిధిలో నివసిస్తున్నారు. మొత్తం జనాభా 30 లక్షలే ఉన్న దేశంలో ఇది చిన్న సంఖ్య కాదు.

కాబట్టి అదే దంపతులు అదే కూడూను పట్టా భూమిలో కాలిస్తే, ట్రోఫీ ఫీజు భూమి యజమానికి వెళ్తుంది. పనివారికి జీతం, శిబిరంలో వంటకు కొంత మాంసం దక్కుతాయి. మిగిలిన మాంసాన్ని యజమాని అమ్ముకుంటాడు. ఎండబెట్టి 'బిల్టాంగ్' చేసుకుంటారు కూడా. తెలుగు పల్లెల్లో చేసుకునే ఒట్టి తునకల వంటిదే అది. కన్జర్వెన్సీలో కాలిస్తే ఫీజులో ఒప్పందం ప్రకారం తేలిన వాటా ఊరి ఖాతాకు, మాంసం ఇళ్లకు వెళ్తుంది.

ఎక్కువ విమర్శ ఏ వేటకో, ఊరికి ఎక్కువ ఆదాయం కూడా దానితోనే

న్యే న్యే నమీబియాలో మొట్టమొదటి కన్జర్వెన్సీల్లో ఒకటి. ఈశాన్యంలో, బోట్స్‌వానా సరిహద్దును ఆనుకుని ఉంది. 1998లో నమోదైంది. అక్కడ నివసించేది సాన్ జాతికి చెందిన జుహోన్సీ ప్రజలు. జంతువు అడుగు చూసి అది ఎప్పుడు, ఏ వేగంతో వెళ్లిందో చెప్పగల నైపుణ్యం వారిది. అలాంటి చోట సఫారీ జీపుకు ముందు నడిచి జాడ పట్టేది స్థానికులే. కన్జర్వెన్సీ సభ్యులకు ఏటా నగదు పంచుతుంది. ఆ నగదుకు ప్రధాన ఆధారం ట్రోఫీ వేట, అందులోనూ ఏనుగు. ఒక ఏనుగు కూలితే దాని మాంసం అనేక కుటుంబాలకు పంచుతారు.

పర్యాటకులు కెమెరాలతో వస్తే చాలదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. కొన్నిచోట్ల చాలు. కానీ ఇసుక దారిలో రోజంతా ప్రయాణిస్తే తప్ప చేరలేని చోటికి, చూడటానికి పొదలు తప్ప మరేమీ లేని చోటికి లాడ్జి కట్టేవారు రారు. 77 కన్జర్వెన్సీల లెక్కలు పరిశీలించి రాబిన్ నాయిడూ, సహ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడాను స్పష్టంగా చూపింది. కన్జర్వెన్సీ ఏర్పడిన మూడేళ్లలోపే వేట ఆదాయం మొదలవుతుంది. పర్యాటక ఆదాయానికి ఆరేళ్లు పడుతుంది. పర్యాటకం ప్రధానంగా లాడ్జిల్లో ఉద్యోగాలు ఇస్తుంది. అవి దొరికినవారికే దొరుకుతాయి. వేట ప్రధానంగా కన్జర్వెన్సీ నిర్వహణకు నిధులు, ఊరందరికీ మాంసం ఇస్తుంది. వేటను నిషేధిస్తే తమ ఖర్చులు తాము భరించలేని కన్జర్వెన్సీల సంఖ్య గణనీయంగా పెరుగుతుందని ఆ అధ్యయనం లెక్కగట్టింది.

ఆ ఖర్చుల్లో మొదటిది కాపలాదారుల జీతం. మరొకటి, ఏనుగులు చేను పాడుచేసినప్పుడు, సింహం పశువును చంపినప్పుడు రైతుకు ఇచ్చే పాక్షిక పరిహారం. చిత్తూరు జిల్లాలోనో, పార్వతీపురం మన్యంలోనో ఏనుగుల గుంపు దిగిన రాత్రి పంట పోగొట్టుకున్న రైతుకు ఈ పద్దు విలువ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడే ఈ వ్యవహారంలోని ఇబ్బంది బయటపడుతుంది. పట్టా భూమిలో ఓరిక్స్ వేటను ప్రపంచంలో పెద్దగా ఎవరూ పట్టించుకోరు. దానివల్ల పేద గ్రామాలకు చేరేదీ స్వల్పమే. ఉమ్మడి భూమిలో ఏనుగు వేట అంతర్జాతీయంగా ఆగ్రహం తెప్పిస్తుంది. గ్రామాల ఖాతాల్లోకి పెద్ద మొత్తాలు తెచ్చేది మాత్రం అదే. వివాదానికి దూరంగా ఉండాలనుకుని పట్టా భూమిని ఎంచుకున్న దంపతులు, తెలియకుండానే గ్రామీణుల వాటాను కూడా తగ్గించినట్లవుతుంది.

అలాగని కన్జర్వెన్సీల నమూనాలో లోపాలు లేవనలేం. కోటా నిర్ణయానికి ఆధారమైన జంతు గణన ఎంత ఖచ్చితమన్న ప్రశ్న ఎప్పుడూ ఉంది. కమిటీల్లో పలుకుబడి ఉన్నవారికి ఎక్కువ దక్కుతోందన్న ఫిర్యాదులున్నాయి. ఖండమంతటినీ కలిపి చూస్తే పరిస్థితి ఇంకా నిరాశాజనకం. వేట సంస్థల ఆదాయంలో స్థానిక సమాజాలకు చేరేది సగటున 3 శాతం మాత్రమేనని, జంతు సంక్షేమ సంస్థల కోసం తయారై 2013లో వెలువడిన ఒక నివేదిక పేర్కొంది. జింబాబ్వేలో 1980ల చివర మొదలైన 'క్యాంప్‌ఫైర్' పథకం నమీబియాకన్నా ముందుదే. కానీ అక్కడ హక్కులు గ్రామానికి కాక జిల్లా మండళ్లకు దక్కడంతో, డబ్బు ఊరికి చేరేలోపు దారిలోనే కరిగిపోతోందన్న విమర్శ పాతుకుపోయింది.

పొరుగున ఉన్న బోట్స్‌వానా రెండు దారులూ నడిచి చూసింది. అధ్యక్షుడు ఇయాన్ ఖామా హయాంలో 2014లో వేటను నిషేధించింది. ఆయన తర్వాత వచ్చిన మొక్‌వీట్సీ మసీసీ ప్రభుత్వం 2019 మేలో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. దాదాపు 1,30,000 ఏనుగులున్న దేశం అది. ట్రోఫీ దిగుమతులపై ఆంక్షలు బిగించాలని జర్మనీ ఆలోచిస్తుండగా, 2024 ఏప్రిల్‌లో మసీసీ 20,000 ఏనుగులను జర్మనీకి బహుమతిగా పంపుతానని ప్రకటించారు. మీరు మాకు చెబుతున్నట్లే వాటితో కలిసి జీవించి చూడండి అన్నది ఆ ప్రకటన సారాంశం. వెటకారమే అయినా, అందులో ఉన్న కోపం నిజమైనది.

ముసలి మగ జంతువును కాల్చితే నష్టం లేదా?

సఫారీ సంస్థలు తరచూ చెప్పే సమర్థన ఒకటుంది: వేటాడేది సంతానోత్పత్తి వయసు దాటిన ముసలి మగ జంతువునే కాబట్టి మందకు నష్టం లేదని. ఇందులో కొంత నిజం ఉంది. ఎంత అన్నది జంతువును బట్టి మారుతుంది.

సింహాల విషయంలో క్రెయిగ్ ప్యాకర్, సహచరులు 2004లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన చాలా దేశాల నిబంధనలకు పునాది అయింది. గుంపును ఏలుతున్న యువ మగ సింహం చనిపోతే, దాని స్థానంలోకి వచ్చిన కొత్త మగ సింహం పాత సింహపు పిల్లలను చంపేస్తుంది. ఒక్క తూటాతో పోయేది ఒక్క సింహం కాదన్నమాట. అయిదారేళ్లు దాటిన మగ సింహాలనే వేటాడితే, అప్పటికి వాటి పిల్లలు పెద్దవై ఉంటాయి కాబట్టి నష్టం పరిమితం. అయితే వంద గజాల దూరం నుంచి, మసక వెలుతురులో, ముక్కు మీది నల్లమచ్చలను, జూలు రంగును చూసి వయసు పోల్చడం గైడుకు కత్తిమీద సామే. పక్కన నిలబడిన అతిథి అప్పటికే భారీ మొత్తం చెల్లించి ఉంటాడు. తిరుగు విమానం ఎల్లుండే.

ఏనుగుల సంగతి మరీ చిక్కు. దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్ అభయారణ్యానికి, క్రూగర్ పార్కులో తల్లులను కోల్పోయిన గున్నలను తరలించారు. పెద్ద మగ ఏనుగుల నీడ లేకుండా పెరిగిన ఆ కుర్ర ఏనుగులకు వయసుకు ముందే మదం పట్టింది. 1990లలో అవి 40కి పైగా తెల్ల ఖడ్గమృగాలను చంపేశాయి. 1998లో క్రూగర్ నుంచి ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి వదిలాక ఆ దాడులు ఆగిపోయాయి. పెద్ద దంతాలున్న ముసలి ఏనుగు మందకు అక్కర్లేనిదన్న వాదన, ఈ ఉదంతం ముందు నిలవడం కష్టం.

ఖడ్గమృగాల్లో దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఉంది. ముసలి మగ నల్ల ఖడ్గమృగం కొన్నిసార్లు తోటి మగవాటిని, చివరికి ఆడవాటిని, పిల్లలను కూడా చంపుతుంది. ఏటా అయిదింటి వంతున వేటాడుకోవడానికి నమీబియా, దక్షిణాఫ్రికాలకు 2004లో సైటీస్ ఒప్పంద దేశాలు అనుమతించాయి. 2014లో అమెరికాలోని డల్లాస్‌లో అలాంటి ఒక అనుమతి 3,50,000 డాలర్లకు వేలంలో అమ్ముడైంది. కొన్న వ్యక్తికి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. మరుసటి ఏడాది మేలో వేట జరిగింది.

సెసిల్ తర్వాత మారినవి

2015 జులైలో జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ పార్కు వెలుపల ఒక అమెరికన్ దంతవైద్యుడు సెసిల్ అనే సింహాన్ని చంపారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాని మెడకు జీపీఎస్ కాలర్ కట్టి ఏళ్లుగా గమనిస్తున్నారు. మొదట బాణంతో గాయపరచి, గంటల తర్వాత చంపారన్న వార్త ప్రపంచాన్ని కుదిపేసింది. కొన్ని వారాల్లోనే డెల్టా సహా ప్రముఖ అమెరికన్ విమానయాన సంస్థలు సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవి దున్నల ట్రోఫీలను మోయబోమని ప్రకటించాయి. ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ అదే ఏడాది సింహాల ట్రోఫీల దిగుమతిని ఆపేశాయి. నెదర్లాండ్స్ 2016లో మరెన్నో జంతువులను నిషేధ జాబితాలో చేర్చింది. 2024 జనవరిలో బెల్జియం పార్లమెంటు అదే బాట పట్టింది. బ్రిటన్‌లో దిగువ సభ 2023 మార్చిలో ఆమోదించిన నిషేధ బిల్లు, ఎగువ సభలో నిలిచిపోయి మురిగిపోయింది.

ఇవి ఒక ఎత్తు. దక్షిణాఫ్రికాలో బోనుల్లో పెంచిన సింహాలను కంచె వేసిన మడిలో వదిలి కాల్పించే వ్యాపారం మరో ఎత్తు. అక్కడ వేల సింహాలు ఇలా నిర్బంధంలో పెరుగుతున్నాయి. కూనలుగా ఉన్నప్పుడు పర్యాటకులు వాటిని ఒళ్లో పెట్టుకుని ఫోటోలు దిగుతారు. పెద్దయ్యాక అవే గురిగా మారతాయి. అసలైన వేటగాళ్ల సంఘాలు సైతం దీన్ని వేటగా అంగీకరించవు. ఈ పరిశ్రమను మూసివేస్తామని దక్షిణాఫ్రికా పర్యావరణ మంత్రి బార్బరా క్రీసీ 2021 మేలో ప్రకటించారు. తక్కువ ధరకు, తప్పకుండా సింహం దొరుకుతుందన్న హామీతో ప్రకటన కనిపిస్తే, అది ఏ రకం సింహమో దంపతులు ఊహించుకోవచ్చు.

భారత్‌తో ఉన్న ముడి

1947లో నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో ఒక సంస్థానాధీశుడు మూడు చీతాలను కాల్చారు. దేశంలో నమోదైన చివరి చీతాలు అవేనని చెబుతారు. 1952లో ఆ జంతువు భారత్‌లో అంతరించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా విదేశీయుల కోసం షికారు యాత్రలు నడిపిన కంపెనీలు ఇక్కడా ఉండేవి. వాటి ధరల పట్టికలో పులి ఉండేది.

2022 సెప్టెంబరు 17న మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కులో దిగిన ఎనిమిది చీతాలు నమీబియా నుంచి వచ్చినవే. విశేషమేమంటే, ఆ దేశంలో చీతా వేట నేటికీ చట్టబద్ధం. సైటీస్ ఒప్పందం కింద నమీబియా ఏటా ఎగుమతి చేయగల చీతాల కోటా, సజీవమైనవీ ట్రోఫీలూ కలిపి, 150. ప్రపంచంలో చీతాలు అత్యధికంగా మిగిలి ఉన్న దేశాల్లో నమీబియా ఒకటి. వాటిలో ఎక్కువ భాగం బతుకుతున్నది పార్కుల్లో కాదు, రైతుల భూముల్లో.

బయానా చెల్లించే ముందు

సఫారీ సంస్థకు బయానా పంపే ముందు దంపతులు అడిగి తెలుసుకోగల విషయాలు కొన్ని ఉన్నాయి. వేట జరిగేది పట్టా భూమిలోనా, కన్జర్వెన్సీలోనా? కన్జర్వెన్సీ అయితే దాని పేరేమిటి, ఆ ఏడాది కోటాలో ఆ జంతువు ఉందా, ట్రోఫీ ఫీజులో ఎంత భాగం వారికి వెళ్తుంది? మాంసం ఎవరు పంచుతారు? నిజాయతీగా నడిచే సంస్థకు వీటికి సమాధానం చెప్పడం కష్టం కాదు. సంస్థ, కన్జర్వెన్సీల మధ్య రాతపూర్వక ఒప్పందం ఉంటుంది. ఏటా జరిగే సర్వసభ్య సమావేశంలో ఆదాయ వ్యయాలను సభ్యుల ముందు పెట్టాల్సి ఉంటుంది.

ట్రోఫీ మాత్రం దంపతులతో పాటే విమానం ఎక్కదు. తోలు, కొమ్ములు ముందు శుద్ధి కావాలి, పశువైద్య ధ్రువపత్రం రావాలి, సైటీస్ జాబితాలోని జంతువైతే అనుమతి పత్రాలూ కావాలి. ఆ తర్వాత ట్యాక్సిడెర్మీ, రవాణా. గోడకు తగిలించే తల ఇంటికి చేరేసరికి నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఊరివారు పంచుకున్న మాంసం అప్పటికి ఎప్పుడో అయిపోయి ఉంటుంది.